కార్సినోమా: ఆ పేరు ఎవరికి చెల్లుతుంది?

రొమ్ములో పాల నాళాల లోపలే పుట్టి, నాళం గోడ దాటని మార్పు ఒకటుంది. సాధారణంగా చేతికి గడ్డ తగలదు, నొప్పి ఉండదు. మామోగ్రామ్‌లో సన్నటి సున్నపు చుక్కలుగా బయటపడుతుంది. సూదితో ముక్క తీసి ల్యాబుకు పంపితే రిపోర్టు మీద ‘డక్టల్ కార్సినోమా ఇన్ సైటు’ అని వస్తుంది. డాక్టర్లు డీసీఐఎస్ అంటారు. అందులో కార్సినోమా అన్న ఆ ఒక్క మాట ఉండొచ్చా, ఉండకూడదా అన్నది ఇక్కడి తగువు. మాట్లాడుకునే ఇద్దరూ డాక్టర్లే, ఒకే కుటుంబం వాళ్ళు. మామయ్య ఉత్తరాంధ్ర ప్రభుత్వాసుపత్రుల్లో సర్జన్‌గా పనిచేసి రిటైరయ్యారు. మేనకోడలు పద్మ హైదరాబాదులో పాథాలజిస్టు. నేను పద్మ వైపు మొగ్గుతాను, ఆ సంగతి దాచను. కానీ మామయ్య చెప్పిన న్యూజిలాండ్ సంగతి పక్కన పెట్టి ఆ వైపు నిలబడటం కుదరదు.

మామయ్య: పేరు మార్చినంత మాత్రాన లోపలున్నది మారదు పద్మా. నాళంలో ఉన్న ఆ కణాలు అచ్చం క్యాన్సర్ కణాల్లాగే కనబడతాయని మీ పాథాలజీ వాళ్ళే చెప్తారు. మళ్ళీ మీరే క్యాన్సర్ అనొద్దంటే ఎలా?

పద్మ: లోపలున్నది మారదు మామయ్యా, మనం చేసేది మారుతుంది. ఆ మాట చెవిన పడ్డ క్షణం నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. “మొత్తం తీసేయండి డాక్టరుగారూ” అంటారు. బాగున్న రెండో రొమ్ము కూడా తీసేయమని అడిగేవాళ్ళున్నారు. 2013లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఏ జబ్బూ లేని 394 మంది ఆడవాళ్ళకు ఇదే పరిస్థితిని మూడు పేర్లతో చెప్పి, మీకే వస్తే ఏం చేయించుకుంటారని అడిగారు. పాకని క్యాన్సర్ అన్నప్పుడు 47 శాతం మంది ఆపరేషన్ అన్నారు. రొమ్ములో మార్పు అన్నప్పుడు 34 శాతం. అసాధారణ కణాలు అన్నప్పుడు 31 శాతం. మారింది పేరొక్కటే.

మామయ్య: ఒంట్లో ఏమీ లేనివాళ్ళు కాగితం మీద ఇచ్చిన జవాబులవి. నిజంగా వచ్చినప్పుడు మనిషి వేరేలా ఆలోచిస్తాడు. సరే, నువ్వు పేరు మీద పడ్డావు గనక ముందు ఆ పేరు పుట్టుక చెప్పు. దేన్ని చూసి పెట్టారో తెలిస్తే దేనికి తగునో మాట్లాడుకోవచ్చు.

పద్మ: గ్రీకు మాట. కార్కినోస్ అంటే పీత. హిప్పోక్రటీస్ పేరు మీద మనకు దక్కిన వైద్య గ్రంథాల్లో మానని పుండ్లకీ, గట్టి గడ్డలకీ కార్కినోస్, కార్కినోమా అన్న రెండు మాటలూ వాడారు. పోలిక ఏమిటన్నది క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గాలెన్ విడమరచి చెప్పాడు. రొమ్ములో గడ్డకు అటూ ఇటూ ఉబ్బిన సిరలు పీత కాళ్ళలా చాచుకుని ఉంటాయన్నాడు. ఏడో శతాబ్దంలో ఏజినా దీవికి చెందిన పౌలుస్ ఇంకో కారణం కూడా రాశాడు. పట్టిన చోటు పీతలా వదలదు కనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారట. రోమన్లు తమ భాషలో పీతకున్న మాటే తెచ్చి పెట్టుకున్నారు, క్యాన్సర్ అని. మన కర్కాటక రాశి ఇంగ్లీషులో క్యాన్సర్ అయింది అందుకే. అరబ్బు వైద్యులు సరతాన్ అన్నారు, అదీ పీతే. మరాఠీ వాళ్ళు కర్కరోగం అంటారు.

మామయ్య: ఆ పేరు పెట్టినవాడికి కళ్ళున్నాయమ్మా. నువ్వు గాజు పలక మీద చూస్తావు, నేను చేత్తో పట్టుకున్నాను. స్కిర్రస్ రకం గడ్డను తీసి, బల్ల మీద పెట్టి నడిమికి కోస్తే కత్తి కింద కరకరమంటుంది, పచ్చి జామకాయ కోసినట్టు. కోసిన ముఖం బూడిద తెలుపు. మధ్యలో సుద్ద గీతల్లాంటి చారలు. అంచు గుండ్రంగా తెగదు. చుట్టూ ఉన్న పసుపు కొవ్వులోకి తెల్లటి పోగులు చాచుకుని పోతాయి. ఎక్కడ ఆగిందో అని వేలితో వెతుకుతాం, దొరకదు. మామూలు గడ్డ వేళ్ళ మధ్య జారుతుంది, ఇది చుట్టుపక్కల కండతో సహా కదులుతుంది. పట్టిన చోటు వదలదన్న మాట అక్షరాలా నిజం.

పద్మ: పేరు తప్పని నేననలేదు. ఎవరిని చూసి పెట్టారో గమనించండి అంటున్నాను. ఆ రోజుల్లో మామోగ్రామ్ లేదు, మత్తుమందు లేదు, మైక్రోస్కోపు లేదు. వైద్యుడి ముందుకు వచ్చేసరికే చర్మం లోపలికి లాగేసి, సిరలు తేలి, పుండు పగిలి ఉండేది. లోపల దాగిన కార్కినోస్‌ల జోలికి పోకపోవడమే మంచిది, వైద్యం చేస్తే తొందరగా పోతారు, వదిలేస్తే ఎక్కువ కాలం ఉంటారు అన్నది హిప్పోక్రటీస్ సంప్రదాయంలో వచ్చిన సలహా. అంటే ఆ పేరు పుట్టినప్పుడే ముదిరిపోయిన జబ్బుకు పుట్టింది. చావు దగ్గరపడ్డ మనిషిని చూసి పెట్టిన పేరది.

మామయ్య: మనవాళ్ళు చేసిందీ అదే కదా. రాచపుండు అన్నారు. షుగరు ఉన్నవాళ్ళకు వీపు మీద లేచే పెద్ద కురుపూ రాచపుండే, పగిలిన రొమ్ము క్యాన్సరూ రాచపుండే. రాచబాటలో ఉన్న రాచే అది. మిగతావాటిని మించినదని. పైకి పుండు కనబడేదాకా దానికి పేరు లేదు. సుశ్రుతుడు మాత్రం కొంత ముందే పట్టుకున్నాడు. గుండ్రంగా, కదలకుండా, నొప్పి పెద్దగా లేకుండా మెల్లగా పెరిగే గడ్డ, చీము పట్టనిది అని అర్బుదానికి లక్షణం చెప్పాడు.

పద్మ: ముందు దశ సంగతి ఎత్తారు గనక సెల్సస్‌ను తీసుకొస్తాను. మొదటి శతాబ్దపు రోమ్. లాటిన్‌లో వైద్యం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఈ జబ్బుకు మెట్లు చెప్పాడు. మొదటి మెట్టుకు కార్సినోమా అన్న పేరు వాడనే లేదు మామయ్యా. కాకోఎథెస్ అన్నాడు, చెడు స్వభావం కలదని. ఆ తర్వాతి మెట్టు పుండు లేని కార్సినోమా. ఆ పైన పుండు పడ్డది. కోసి తీయదగినది మొదటిదొక్కటే, మిగతావాటిని కెలికితే రేగుతాయి అన్నాడు. తొలి దశకు వేరే పేరు ఉండాలన్నది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. దాదాపు రెండు వేల ఏళ్ళ నాటిది.

మామయ్య: దాని పక్కనే ఇంకో మాట రాశాడు, అదీ చెప్పు మరి.

పద్మ: మీరే చెప్పండి.

మామయ్య: నయమయ్యే కాకోఎథెస్ ఏదో, నయం కాని కార్సినోమా ఏదో ఎవరికీ తెలియదు, కాలం గడవాలి, చేసి చూడాలి అన్నాడు. రెండు పేర్లూ పెట్టినవాడే, మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఏ పేరు ఎవరికో చెప్పలేనని ఒప్పుకున్నాడు. నా వాదమూ అదే. రేపు ఏమవుతుందో నీకు తెలియనప్పుడు మెత్తటి పేరు పెట్టే హక్కు నీకెక్కడిది?

ఒకే పుటలోంచి ఇద్దరికీ సాక్ష్యం దొరకడం ఆశ్చర్యమే గాని, సెల్సస్ నిజాయితీ నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది. తర్వాత వచ్చినవాళ్ళు అంత నిజాయితీ చూపలేదు. నల్ల పిత్తం పేరుకుపోతే ఈ జబ్బు వస్తుందన్న గాలెన్ సిద్ధాంతం వెయ్యేళ్ళకు పైగా చలామణీ అయింది. ఏది ముదిరేదో ఏది ముదరనిదో అన్న ప్రశ్న అడుగున పడిపోయింది.

పద్మ: సెల్సస్ దగ్గర కాలం తప్ప సాధనం లేదు. మన దగ్గర ఉంది. 1838లో యోహన్నెస్ ముల్లర్ ఈ గడ్డలు కూడా కణాలతో కట్టినవేనని మైక్రోస్కోపులో చూపించాడు. 1860లలో టీర్ష్, వాల్డయర్ అనే జర్మన్ వైద్యులు కార్సినోమా పుట్టేది పైపొర కణాల్లోంచి అని తేల్చారు. చర్మం, నాళాల లోపలి పొర, పేగు లోపలి పొర, ఇలాంటి చోట పుడితే కార్సినోమా. ఎముకలో, కండలో పుడితే సార్కోమా. అక్కడితో పీత కాళ్ళు పోయి, పుట్టిన చోటు ఆ మాటకు అర్థమైంది. ఇక 1932లో మేయో క్లినిక్‌లో ఆల్బర్ట్ బ్రోడర్స్ ‘కార్సినోమా ఇన్ సైటు’ అన్న మాట తెచ్చాడు. పుట్టిన చోటే ఉన్న కార్సినోమా అని. నా అభ్యంతరం సరిగ్గా అక్కడ. కాళ్ళు చాచుతుంది గనక పీత అన్నారు. కాళ్ళు చాచనిదానికి కూడా అదే పేరు తగిలించాం, దాని వెనకున్న చావు భయంతో సహా.

మామయ్య: బ్రోడర్స్ తెలియక పెట్టలేదు. కణం రూపం రెండింట్లోనూ ఒకటే, గోడ దాటిందా లేదా అన్నదే తేడా. ఇవాళ దాటలేదు. రేపు దాటదని ఎవరు పూచీ? అందరూ మామూలు మార్పని వదిలేస్తున్నదాన్ని వదలకండి అని చెప్పడానికే ఆ పేరు పెట్టాడు.

పద్మ: ఆ గోడ ఎలా ఉంటుందో చెప్తాను వినండి. పాల నాళం అడ్డంగా కోస్తే ఉంగరం. లోపల పాల వైపు ఒక వరుస కణాలు. వాటి వెనక ఇంకో వరుస, ముడుచుకునే గుణమున్న కణాలు, పాలను ముందుకు తోసేవి. ఆ వెనక పలచటి ఆధార పొర. డీసీఐఎస్‌లో లోపలి వరుస పెరిగి పెరిగి నాళాన్ని నింపేస్తుంది. రెండో వరుస నిలబడే ఉందా లేదా అని తేల్చుకోవడానికి పీ63 అనే స్టెయిన్ వేస్తాం. నీలి రంగు కణాల గుంపు చుట్టూ గోధుమరంగు చుక్కలు వరసగా వెలుగుతాయి. ఆ చుక్కల వలయం తెగలేదంటే ఒక్క కణం కూడా బయటకు పోలేదు. నాళం లోపల రక్తనాళాలు లేవు, లింఫు నాళాలు లేవు. పోవడానికి దారే లేదు. ఊపిరితిత్తికో ఎముకకో పాకి ప్రాణం తీసే జబ్బు, ఆ స్థితిలో, అది కాదు.

మామయ్య: నీ కింద ఉన్న ముక్క గురించి చెప్తున్నావు తల్లీ. రొమ్ము గురించి కాదు. సూది ఎక్కడ దిగిందో అక్కడి నాలుగు పోగులు నీకు పంపాం. రెండు అంగుళాల అవతల ఏముందో ఆ గోధుమ చుక్కలు చెప్పవు. సూది ముక్కలో డీసీఐఎస్ అని రాసినవాళ్ళకు ఆపరేషన్ చేశాక, దాదాపు నాలుగో వంతు మందిలో పాకిన క్యాన్సర్ బయటపడిందని లెక్కలన్నీ కలిపి చూసి చెప్పారు. నువ్వు నా చేతికి ‘అసాధారణ కణాలు’ అన్న కాగితం ఇస్తే, ఆ నాలుగో ఆవిడ ఇంటికి పోతుంది.

పద్మ: కణాలు ఎంత చెడ్డగా కనబడుతున్నాయో చెప్పే గ్రేడులన్నీ కలిపిన లెక్క అది. హై గ్రేడుకు పేరు మార్చమని నేను అడగడం లేదు. లో గ్రేడు సంగతే మాట్లాడుతున్నాను. థైరాయిడ్‌లో ఈ పని చేసి చూపించాం మామయ్యా. గడ్డ చుట్టూ సంచి ఉండి, ఆ సంచిని ఎక్కడా దాటని ఒక రకాన్ని పాపిలరీ కార్సినోమాలోనే లెక్కేసేవాళ్ళం. 7 దేశాల నుంచి 24 మంది పాథాలజిస్టులు పాత స్లైడ్లు తీసి మళ్ళీ చూశారు. సంచి దాటనివాళ్ళు 109 మంది. 10 నుంచి 26 ఏళ్ళు కనిపెట్టి చూస్తే అందరూ బతికే ఉన్నారు, ఒక్కరిలో జబ్బు తిరిగి రాలేదు. 2016లో ఆ పేరులోంచి కార్సినోమా తీసేసి నిఫ్టీపీ అన్నారు. మిగిలిన థైరాయిడ్ తీయడం, రేడియో అయోడిన్ తాగించడం, ఏటేటా భయపడటం, అన్నీ తప్పాయి.

మామయ్య: రెండేళ్ళకే ఆ నిర్వచనం బిగించాల్సి వచ్చింది. పాపిల్లాలు, అంటే వేళ్ళలాంటి మొలకలు, ఒక శాతం లోపు ఉండొచ్చన్నవాళ్ళు అసలు ఉండకూడదన్నారు, మెడ గ్రంథులకు పాకిన కేసులు అక్కడక్కడా తేలాయి గనక. ఇంకోటి. సంచి మొత్తం కోసి చూస్తే తప్ప నిఫ్టీపీ అనకూడదు. అంటే గడ్డ బయటకొచ్చాకే ఆ పేరు. కత్తి పడ్డాక మెత్తటి పేరు పెట్టడం తేలిక. నువ్వు రొమ్ములో అడుగుతున్నది కత్తి పడకముందు.

పద్మ: కత్తి పడకముందు పేరు ఏం చేస్తుందో దక్షిణ కొరియాను అడగండి. 1999 తర్వాత అక్కడ క్యాన్సర్ పరీక్షలు ఊరూరా పెట్టారు. థైరాయిడ్ స్కాన్ వాటిలో లేదు, కానీ కాస్త డబ్బు ఎక్కువిస్తే చేసేవాళ్ళు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్లు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. చనిపోయినవాళ్ళ సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉంది. అన్ని గొంతులు కోశారు, అంతమంది జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. 2014లో కొందరు డాక్టర్లే బయటకొచ్చి చాలు ఆపండన్నారు. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్లు మూడో వంతు పైగా తగ్గాయి.

మామయ్య: అక్కడ తప్పు స్కాన్‌ది, పేరుది కాదు. వెతకకుండా ఉంటే సరిపోయేది. ఇప్పుడు నా సాక్ష్యం విను. న్యూజిలాండ్‌లో ఆక్లండ్, నేషనల్ విమెన్స్ హాస్పిటల్. గర్భాశయ ముఖద్వారంలో కార్సినోమా ఇన్ సైటు అసలు క్యాన్సరే కాదు, అది ముదరదు అని హెర్బర్ట్ గ్రీన్ అనే పెద్ద డాక్టరు నమ్మాడు. నువ్వు ఇప్పుడు చెప్తున్న మాటే. 1966 నుంచి కొందరు ఆడవాళ్ళకు చిన్న ముక్క తీసి, మిగతాది వదిలేసి, ఏమవుతుందో చూస్తూ కూర్చున్నారు. అందులో తాము పరీక్షకు సరుకుగా ఉన్నామని ఆ ఆడవాళ్ళకు తెలియదు. తోటి డాక్టర్లు వద్దని మొత్తుకున్నారు. 1984లో వాళ్ళే లెక్కలు అచ్చువేశారు. 1987లో శాండ్రా కోనీ, ఫిలిడా బంకల్ అనే ఇద్దరు ఒక పత్రికలో బయటపెడితే, జడ్జి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చింది. తర్వాత 2008లో తేల్చిన లెక్క ఇది: అలా ముక్క తీసి వదిలేసిన 143 మందిలో 30 ఏళ్ళలో 31 శాతం మందికి పాకే క్యాన్సర్ వచ్చింది. సరైన వైద్యం అందిన 593 మందిలో 0.7 శాతం. ఇది క్యాన్సర్ కాదు అన్న ఒక్క నమ్మకం ఎంతమందిని మింగిందో చూడు.

ఈ సంగతి నేను అంతకుముందు చదివిందే. అయినా మామయ్య నోట 31 పక్కన 0.7 వింటే వాదన కాసేపు ముందుకు సాగదు. పద్మ కూడా వెంటనే జవాబివ్వలేదు.

పద్మ: అది ఘోరం. దాన్ని తేలిక చేసే మాట నా దగ్గర లేదు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూడండి. అదే జబ్బుకు రాల్ఫ్ రిచర్ట్ అనే ఆయన 1960ల చివర్లో సర్వైకల్ ఇంట్రాఎపితీలియల్ నియోప్లేసియా, పొట్టిగా సీఐఎన్, అన్న పేరు పెట్టాడు. అందులో కార్సినోమా లేదు. ఇప్పుడు చాలా చోట్ల సీఐఎన్ 3 అనే రాస్తున్నాం. ఎవరైనా వదిలేస్తున్నారా? లేదు. తీగతో ఆ కాస్త మేర తీసేస్తారు. గర్భసంచి తీయరు, ఆవిడ పిల్లల్ని కంటుంది. అంతకుముందు డిస్‌ప్లేసియా అంటే పట్టించుకోకపోవడం, కార్సినోమా ఇన్ సైటు అంటే గర్భసంచే తీసేయడం, ఈ రెండు కొసల మధ్య ఊగేవాళ్ళం. రిచర్ట్ ఆ పేరు మార్చింది వైద్యం ఆపడానికి కాదు, జబ్బుకు సరిపడా చేయడానికి. గ్రీన్ పేరు మార్చలేదు మామయ్యా. ఆయన రిపోర్టుల మీద కార్సినోమా అనే ఉంది. ఆ మాట ఉండగానే ఆ ఆడవాళ్ళు పోయారు.

మామయ్య: ఆ మాట ఆడవాళ్ళకు చెప్పి ఉంటే పోయేవాళ్ళు కారు.

పద్మ: నిజమే. చెప్పి ఉంటే.

మామయ్య: సీఐఎన్ 3కి నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. అక్కడ పేరు మారినా కత్తి ఆగలేదు, చిన్నదయింది. డీసీఐఎస్‌లో నువ్వు కత్తే వద్దంటున్నావు.

పద్మ: లో రిస్కు వాటికి కొంతకాలం చూడొచ్చు అంటున్నాను. కామెట్ అని అమెరికాలో పరీక్ష జరిగింది, 957 మంది ఆడవాళ్ళ మీద, వాళ్ళకు అన్నీ చెప్పి. సగం మందికి మామూలుగా ఆపరేషన్. సగం మందిని ఆరు నెలలకోసారి మామోగ్రామ్‌తో కనిపెట్టి చూశారు. 2024 చివర్లో రెండేళ్ళ ఫలితం వచ్చింది. పాకే క్యాన్సర్ ఆపరేషన్ వైపు 5.9 శాతం, కనిపెట్టిన వైపు 4.2 శాతం.

మామయ్య: రెండేళ్ళు! ఆక్లండ్‌లో 30 ఏళ్ళకు గదా తేలింది. కాలం గడవాలన్న సెల్సస్ మాట మర్చిపోతున్నావు.

పద్మ: మర్చిపోలేదు. పదేళ్ళ ఫలితం కోసం నేనూ చూస్తున్నాను.

మామయ్య: మన సంగతికి రా. అమెరికాలో ఆరు నెలలకు రమ్మంటే వస్తారు, రాకపోతే ఫోను చేస్తారు. నేను పనిచేసింది శ్రీకాకుళం తీరం. అక్కడ మండే కొన నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు, అడ్డపొగ అంటారు, ఎక్కువగా ఆడవాళ్ళలో. ఆ పొగ వేడికి అంగిలి మీద తెల్లటి మందపాటి పొర కడుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు. ఈ అంగిలి క్యాన్సర్ గురించి 1957లోనే మన డాక్టర్లు రెడ్డి, రావు రాశారు. 1971లో డెన్మార్క్ నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్, మనవాళ్ళు మెహతా తదితరులు కలిసి 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు చూసి ప్రచురించారు. ఆ తెల్లపొరకు క్యాన్సర్ అన్న పేరు లేదు, నువ్వు కోరుకున్నట్టే. చుట్ట మానేయమ్మా, మూడు నెలలకు మళ్ళీ రా అంటే, “మచ్చే గదా బాబూ” అని వెళ్ళిపోయేవారు. మళ్ళీ కనబడేసరికి అంగిలికి చిల్లు పడి, తాగిన గంజి ముక్కులోంచి వచ్చేది. మచ్చ అన్నందుకు నేను పోగొట్టుకున్న మనుషులు వాళ్ళు. అందుకే నాకు ఆ భయంకరమైన మాట కావాలి.

పద్మ: ఆ మాట చెప్పినప్పుడు అందరూ వచ్చారా మామయ్యా?

మామయ్య: (ఆలోచించి) అందరూ రాలేదు. క్యాన్సరట, ఇంకేముంది అని ఇంటికి తీసుకుపోయినవాళ్ళూ ఉన్నారు. అప్పు చేసి కోయించినా బతకదు గదా అని.

పద్మ: నాకు కనబడేది ఆ సగం. ఇంకొకటి కూడా. రిపోర్టు తీసుకోవడానికి కొడుకో అల్లుడో వస్తాడు. ఆ మాట చూడగానే, అమ్మకు చెప్పకండి మేడమ్ అంటాడు. 1961లో అమెరికాలో డాక్టర్లను అడిగితే 90 శాతం మంది రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979కి 97 శాతం చెప్తామన్నారు. మన ఇళ్ళలో ఆ మార్పు ఇంకా సగంలోనే ఉంది. ఫలితం ఏమిటంటే, చూద్దామా, కొంత తీద్దామా, రేడియేషన్ ఇద్దామా, మొత్తం తీద్దామా అని నాలుగు దార్లున్న జబ్బులో, ఎవరి ఒళ్ళో ఆవిడకు తప్ప అందరికీ ఓటుంటుంది. అల్సరు అని చెప్పి రొమ్ము తీయించిన ఇళ్ళున్నాయి. ఆ పేరు లేకపోతే ఆవిడతో కూర్చుని మాట్లాడటానికి వాళ్ళు భయపడరు.

మామయ్య: అది మాత్రం ఆలోచించాల్సిన మాట. నేను కూడా కొడుకుల మాట విని ఊరుకున్న రోజులున్నాయి, అప్పట్లో అందరం అంతే. కానీ దానికి మందు ఆవిడకు చెప్పడం, పేరు దాచడం కాదు.

పద్మ: దాచడం లేదు. నాళం దాటని మార్పు, ముదిరే అవకాశం ఉంది, ఇంత కాలానికోసారి చూడాలి అని పూర్తిగా రాస్తాను. దానికన్నా ఒక్క కార్సినోమా ఎక్కువ నిజం చెప్తుందా?

మామయ్య: నువ్వు రాసే మూడు వాక్యాలు ఎవరూ చదవరు. పై గీతలో ఉన్న మాట ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పుతారు. అందుకే పై గీతలో ఏముందన్నది నాకు ముఖ్యం. సరే, ఒక పని చెయ్. రానివాళ్ళ ఇంటికి మనిషిని పంపే రిజిస్టరు ఏ ఆసుపత్రిలో ఉందో చూపించు. అక్కడ లో గ్రేడుకు ఆ పేరు తీసెయ్, నేను అడ్డురాను.

పద్మ: అలాంటి చోట్లు చాలా తక్కువని మీకూ తెలుసు. అవి లేని చోట ఆ పేరు ఉండాలనే అంటారా, రొమ్ము అక్కర్లేకుండా పోయినా సరే?

మామయ్య: అంటాను. రొమ్ము పోయిన మనిషి నన్ను తిట్టడానికైనా ఉంటుంది. నువ్వు లో గ్రేడు, హై గ్రేడు అంటున్నావు. మధ్య గ్రేడు సంగతి?

పద్మ: అక్కడే ఇబ్బంది. 2015లో అమెరికాలో 115 మంది పాథాలజిస్టులకు రొమ్ము స్లైడ్లు పంచి, నిపుణులు తేల్చిన జవాబులతో పోల్చారు. పాకిన క్యాన్సర్‌లో 96 శాతం మాట కలిసింది. డీసీఐఎస్‌లో 84. దానికి ఒక మెట్టు కిందున్న అటిపియాలో 48.

మామయ్య: సగానికి సగం.

పద్మ: సగానికి సగం. నా డిపార్టుమెంటులోనే ఒక్కో స్లైడు ఇద్దరి చేతుల్లో రెండు పేర్లతో బయటకొస్తుంది. అప్పుడు మూడో మనిషికి చూపిస్తాం.

మామయ్య: అలా మాట కలవని స్లైడ్లన్నీ పక్కన పెట్టు. వాటి మనుషులు ఏళ్ళ తరబడి ఏమయ్యారో రాసి పెట్టు. అది చూపిస్తే మధ్య గ్రేడు సంగతి మళ్ళీ మాట్లాడుకుందాం. అప్పటిదాకా వాటి మీద కార్సినోమా అనే రాయి.

పద్మ: రాస్తాను. కానీ అదే గీతలో, అదే సైజు అక్షరాల్లో ‘నాళం దాటలేదు’ అని కూడా రాస్తాను.

మామయ్య: ముందు అదే రాయి.